కబూతర్ దేవిడికి పెండ్లి కళ

రాండ్రి రాండ్రి, జర దగ్గరికి జరుగుండ్రి. ఏయ్ బీరయ్యా, గా బీడీల ముచ్చట ఎన్క చెప్పుదువు గాని, ముందుగాల నోరు మూయ్. గా మూలకు గుసగుసలాడే పోరగాండ్లు, మీకే చెప్తున్న, చెవులు ఇటివ్వుండ్రి. రైలు ఎట్లైనా లేటే. రైలు లేటైతె ముచ్చట పొడుగైతది, ముచ్చట పొడుగైతె రైలు ఇంకింత లేటైతది. గది తాండూరు కానూను. నడిమిట్ల దగ్గినోడు నా టాంగా గుర్రానికి గడ్డి తెచ్చెయ్యాలె. సమజైందా? ఆఁ, ఇగ ఇనుండ్రి.

టేషన్ల దిగి కుడిచేతికి మల్లితె కబూతర్ దేవిడి. దేవిడంటే పెద్ద జాగీర్దారు మహల్ అన్నట్టు. గా జాగీర్దారుకు పావురాల పిచ్చి. గాయిన అసలు పేరు పావురాలకు తప్ప ఎవ్వరికి యాదిలేదు. పోలీసు యాక్షనైనంక బీబీలను, పాన్‌దాన్లను, పరుపులను సదురుకోని హైద్రాబాదుల పడ్డడు. పావురాలు మటుకు మేం రాం పో అన్నయ్.

గా గోడలు చూడాలె మీరు! బల్లి ఇటు పక్క పుట్టి అటు పక్కకు పోయేటాల్లకు ముసలిదైతది. ఒక మేక ముంగటి దర్వాజల పడి లోపటికి పోయింది, ఎన్క దర్వాజల బయటికొచ్చేటాల్లకు దాని ఎంట రెండు పిల్లలున్నయ్. అబద్ధమైతె నా గుర్రం మీద ఒట్టు. గుర్రం నాది కాదనుకో, గది వేరే సంగతి.

గసొంటి దేవిడి దిక్కు లేక పాడుపడ్డది. గచ్చు ఊడింది. తలుపులు ఎవ్వల పొయ్యిలకో పోయినయ్. గోడల సందులకెళ్లి రావి మొక్కలు తలకాయ బయటపెట్టి రైలు టయం చూస్తుండె. లోపట మిగిలింది ఇద్దరే. ఎన్క అర్రల మా ఖాలా, అంటె మా అమ్మ చెల్లె, ఇమాంబీ, జాగీర్దారు ఇంట్ల వంట చేసిన మనిషి. ముంగటి కమాను కింద ఎంకమ్మ, జొన్న రొట్టెలు అమ్మే మనిషి.

కమాను ఎరుక గద? దర్వాజ మీద విల్లు లెక్క వంగిన రాతి కట్టడం. గా కమాను నీడకు ఎంకమ్మ పొయ్యి పెట్టుకున్నది. రైలు దిగినోళ్లు దిగినట్టు వచ్చి రొట్టె, పుంటికూర తిని పోతుండిరి.

ఎంకమ్మకు ఒక్కతే బిడ్డ. పేరు మొగులమ్మ. పైన మొగులును చూసి వాన ఎప్పుడొస్తదో చెప్పొచ్చు. గీ మొగులమ్మను చూసి ఏ గడియల ఉరుముతదో, ఏ గడియల మెరుస్తదో చెప్పుడు ఎవ్వని తరం గాకపోవు. కనుబొమ్మ మీద చిన్న గాటుండె. చిన్నప్పుడు పావురాల ఎంట గోడెక్కి పడ్డదట. నవ్వితె గా గాటు గుడ నవ్వుతుండె.

ఎండకాలం. పెండ్లిళ్ల దినాలు. పొద్దుగాల బండికి వికారాబాదు కెళ్లి ఒక పిల్లగాడు దిగిండు. పాండురంగం. హైద్రాబాదుల చదివి ఓవర్సీరు అయ్యిండు. ఓవర్సీరంటే ఇంకొకల గోడలు కొలిచేటోడు. ఇస్త్రీ అంగీ, చేతుల టేపు, ముఖం మీద కొత్త నౌకరి. నా టాంగల కూసోని, "భాయీ, పాత దేవిడికి పోనీ," అన్నడు.

"ఏం పని సారూ?"

"కూలగొట్టాలె. గా రాళ్లతోని కొత్త గోదాము కడ్తరు. బేస్తారం నాడు పెద్ద సాబు వస్తడు. గాయిన ముంగట పని షురూ గావాలె."

నా గుర్రం ఆడనే నిలబడ్డది. గుర్రానికి గుడ మర్యాదుంటది.

దేవిడి కాడ దిగిండో లేదో, జేబులకెళ్లి జాజు గడ్డ తీసిండు. ఎర్రగ గియ్యెటందుకు గదే పనికొస్తది మన దిక్కు. ఎంకమ్మ పొయ్యి పక్కపొంటి ఉన్న స్తంభం మీద ఒక గీత కొట్టిండు.

"ఓ సారూ!" అన్నది మొగులమ్మ. చేతుల పిండి ముద్ద. "స్తంభానికి బొట్టు పెడ్తున్నవేంది? దానికేమన్న పూనకం వచ్చిందా?"

"బొట్టు గాదు. మార్కు."

"మార్కా? నూటికెన్ని?"

పిల్లగాడు గుడ తక్కువోడు గాదు. "సున్న. గీ బిల్డింగు ఫెయిల్."

"ఫెయిలా? పరీక్ష ఎప్పుడు పెట్టినవ్? గిప్పుడే గద టాంగ దిగితివి!"

"చూస్తెనే తెలుస్తది."

"చూస్తెనే తెలుస్తదా? నిన్ను చూస్తె నాకు ఓవర్సీరు లెక్క కొడ్తలేవు. నిన్ను గుడ ఫెయిల్ చేద్దునా?"

తినేటోళ్లు కిసుక్కున నవ్విండ్రు. పాండురంగం చెవులు జాజు రంగుకు తిరిగినయ్. గా కోపంల గొంతు పెంచి, "బేస్తారం లోపట గీ కొట్టు ఖాళీ చేయుండ్రి. అంతా కూలగొడ్తం," అన్నడు.

ఎంకమ్మ చెయ్యి ఆగింది. పెంక మీద రొట్టె నల్లగ మాడింది. ఎన్నడు మాడని రొట్టె.

పెనిమిటి పోయిన కాంచి తల్లీబిడ్డలకు గా కమానే ఇల్లు, గదే దుకాణం. టేషన్ ముంగట గసొంటి నీడ ఇంకోటి లేదు. గది పోతె ఎండల పొయ్యి పెట్టుకోవాలె, లేకుంటె కరణ్‌కోట దిక్కు రాళ్ల గనులకు తట్ట మోయ పోవాలె. మొగులమ్మ నవ్వు ఆడికే బంద్ అయ్యింది. పిండి ముద్దను పీటకేసి ఎంత గట్టిగ కొట్టిందంటే, పైన పావురాలన్ని లేచి నవాబుపేట దాక పోయి మల్లొచ్చినయ్.

ఇగ అసలు ముచ్చట గిప్పుడు.

గా స్తంభాలు పొగకు నల్లగైనయ్. వాటి మీద జాజు కనవడదు. పాండురంగం ఇద్దరు కూలి ఆడోళ్లను పిలిచి, "అన్ని స్తంభాలకు ముందు సున్నం కొట్టుండ్రి, దాని మీద జాజుతోని గుర్తు పెట్టుండ్రి," అని చెప్పి, టేషన్ల చాయ్ తాగ పోయిండు.

మీరే చెప్పుండ్రి. సున్నం, జాజు కలిపి మన దిక్కు ఎప్పుడు పూస్తరు? పెండ్లికే గద! గా ఆడోళ్లకు ఇంకో తీరు ఏం ఎరుక? ఒక పట్టె తెలుపు, ఒక పట్టె ఎరుపు, స్తంభం స్తంభానికి కింది నుంచి మీది దాక దిద్దిండ్రు. గడపలకు చుక్కలు పెట్టిండ్రు. చెయ్యి ఊకుంటలేక వాకిట్ల ముగ్గేసిండ్రు. ఒకామె పాట గుడ ఎత్తుకున్నది.

పాండురంగం చాయ్ తాగి వచ్చేటాల్లకు, పాడుపడ్డ దేవిడి పెండ్లి ఇల్లై కూసున్నది.

"ఏందిది?" అని మొత్తుకున్నడు. "నేను గుర్తు పెట్టమన్న!"

"పెట్టినం గద సారూ. దూరం కెళ్లి గుడ గుర్తువడ్తది," అన్నరు వాళ్లు. చేతులు కడుక్కోని పోయిండ్రు.

గప్పుడే సేడం దిక్కు నుంచి బండి వచ్చింది. జనం దిగిండ్రు, దేవిడి చూసిండ్రు, నోర్లు తెరిసిండ్రు. "ఏమమ్మా, పెండ్లి ఎవ్వలది?"

మొగులమ్మ ఒక్క గడియ ఆలోచించింది. కనుబొమ్మ గాటు మెల్లగ పైకి లేచింది. రొట్టె తిరగేసుకుంట, గదువతోని పాండురంగాన్ని చూపెట్టింది.

"గా సారుదే. సిగ్గెక్కువ, అడగకుండ్రి."

ముచ్చటకు కాళ్లుంటె నడుస్తది. గీ ముచ్చట రైలెక్కింది.

తెల్లారి మేస్త్రి నర్సింహులు గడ్డపారలు పట్టుకోని, కూలోళ్లను ఎంటవెట్టుకోని వచ్చిండు. దేవిడిని చూసి గడ్డపారను ఎన్కకు దాసుకున్నడు. అత్తగారింట్ల చుట్ట దాసినట్టు.

"సారూ, గిదేం అన్యాయం? పెండ్లి ఇంటి మీద గడ్డపారా? పదారొద్దుల పండుగ అయ్యేదాక మేం పెండ్లి ఇంట్ల మేకు గుడ పీకం."

"పెండ్లి లేదయ్యా!"

"పెండ్లికొడుకులందరు గట్లనే అంటరు సారూ."

"నా మాట ఇను. గా సున్నం తుడిచెయ్."

నర్సింహులు చెవులు మూసుకున్నడు. "పెండ్లి సున్నం తుడుసుడా! థూ థూ! ఇంట్ల ఆడోళ్లు ఇంటె నాకు బువ్వ పెట్టరు. నీకు పున్నెముంటది, ముందుగాల పెండ్లి చేసుకో. గాదాన్ని నిమ్మలంగ కూలగొడ్దం."

పోయిండు. పాండురంగం రుసరుసలాడుకుంట రొట్టెల కాడికొచ్చిండు.

"నా పెండ్లని ఎందుకు చెప్పినవ్?"

"పెండ్లి ఇల్లన్నంక పెండ్లికొడుకు ఉండాలె గద," అన్నది మొగులమ్మ.

"గంత మందిల నేనే దొరికిన్నా?"

"ఇస్త్రీ అంగీ నీ ఒక్కనికే ఉండె."

"మరి పిల్లెవ్వరు?"

"గదిగో, అన్ని నన్నే చూడమంటె ఎట్ల సారూ? ఇల్లు చూపెట్టిన, పెండ్లికొడుకును చూపెట్టిన. పిల్లనన్న నువ్వు చూసుకోరాదు?"

ఎంకమ్మ బిడ్డ నెత్తి మీద ఒకటి మొట్టింది. "సారుతోని పరాచికాలేందే? సారూ, దాని మాట పట్టించుకోకు. రొట్టె తింటవా?"

తిన్నడు. ఏం చేస్తడు, కోపానికి గుడ కడుపుంటది.

మిట్టమధ్యానం బయట నిప్పులు కురుస్తున్నయ్. నీడ కోసం మొదటిసారి లోపటి సావిట్లకు పోయిండు. పోయి ఆడనే నిలబడ్డడు.

లోపట చల్లగుంది. ఒక్క దూలం లేదు, ఒక్క వాసం లేదు. నాలుగు పెద్ద కమాన్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకోని గంత కప్పును మోస్తున్నయ్. పైన చిన్న చిన్న కిటికీలు. వాటిల కెళ్లి వేడి పైకి పోతుంది, కింద కెళ్లి గాలి లోపటికొస్తుంది. పిల్లగాడు టేపు కింద పడేసి, ఒక మూలకు గోడకానుకోని, తనలో తను మాట్లాడుకునుడు షురూ చేసిండు.

గా సావిట్ల ఒక గుణముంది. ఈ మూలకు మెల్లగ మాట్లాడితె, గా మాట కమాను మీదికెళ్లి పాక్కుంట పోయి ఎదురు మూలకు పడ్తది. నడిమిట్ల నిలబడ్డోనికి ఇనవడదు. ఒక పారి జాగీర్దారు ఈ మూలకు తుమ్మితె ఆ మూలకున్న ముల్లాకు జలుబైందట. పాండురంగానికి గీ సంగతి తెల్వదు. ఎదురు మూలకు మొగులమ్మ జొన్నలు చెరుగుతున్నది, గది గుడ తెల్వదు.

"ఏం ఒంపు!" అన్నడు పిల్లగాడు. "ఏం నిలువు! గిన్నేండ్లు ఎండల, వానల నిలబడ్డా జర గుడ వంగలే."

మొగులమ్మ చేతుల చాట ఆగింది.

"గా మీద చిన్న పగులున్నది. ఉంటె ఏంది? గా పగులుతోనే అందం."

మొగులమ్మ చెయ్యి కనుబొమ్మ గాటు మీదికి పోయింది. ముఖం ఎర్రగైంది.

"గీ ముద్దుగున్నదాన్ని దుమ్ముల పడేస్తరా! హైద్రాబాదంత తిరిగినా గసొంటిది చూడలే. ఒక్కసారి చెయ్యేసి చూస్తె…"

చాట కింద పడ్డది. మొగులమ్మ ఉరుక్కుంట వచ్చి ముంగట నిలబడ్డది. "చెయ్యేస్తవా! వేసి చూడు, పెంక మీద కాలుస్త!"

పాండురంగం దడుసుకున్నడు. "కమాను మీద చెయ్యేస్తె నీకేంది?"

"కమానా?"

"కమానే. గా ఒంపు చూడు, గా పగులు చూడు. ఎవ్వలు కట్టిండ్రో గాని వాళ్ల చేతులకు మొక్కాలె."

మొగులమ్మ పైకి చూసింది, అతని దిక్కు చూసింది. కోపం పోయింది. కోపం పోయిన జాగల ఇంకేందో వచ్చి కూసున్నది. నా లెక్కల గది అలక.

"థూ! రాళ్ల మీద మనసు పడెటోన్ని నిన్నే చూసిన," అని గిర్రున తిరిగి పోయింది.

గప్పుడు పాండురంగానికి సమజైంది. ఏం మాట్లాడిండో, ఎవ్వలు ఇన్నరో, ఏమనుకున్నరో అంతా ఒక్కసారే సమజైంది. తర్వాత నాకు చెప్పిండు, "లతీఫ్ భాయీ, గా మాటలు కమానుకు అన్నయే. గాని గామె పోతుంటె ఎన్క నుంచి చూస్తే, కమానుకు అనవసరంగ అన్న అనిపిచ్చింది."

మర్నాడు సాయంత్రం మొగులు నల్లగైంది. పైన మొగులు సంగతి చెప్తున్న. రాళ్ల వాన! ఒక్కొక్క రాయి నిమ్మకాయంత… ఎందుకులే, ఉన్నది చెప్తె నమ్మరు, కొబ్బరికాయంత. టేషన్ల రేకులు ఎగిరి కోట్‌పల్లి దిక్కు పోయినయ్. ఊర్ల కొత్త ఇండ్లన్ని కారినయ్. నేను, నా గుర్రం, ఇమాంబీ, ఇమాంబీ మేకలు, ఎంకమ్మ, మొగులమ్మ, పాండురంగం అందరం సావిట్లకు ఉరికినం.

ఒక్క చుక్క కారలే. పాండురంగం నోరు తెరుచుకోని కప్పునే చూస్తున్నడు.

ఇమాంబీ ఊకుంటదా? "అరె బేటా ఓవర్సీరు, కప్పు దిక్కు ఎంత సేపు చూస్తవ్? కప్పు ఏడికి పోదు. పిల్ల పోతది."

అందరం నవ్వినం. మొగులమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. పాండురంగం మెల్లగ జరిగి గామె పక్కకు నిలబడ్డడు.

"మొగులమ్మా, నేను ఏసిన మార్కు తప్పు."

"మల్ల దిద్దుతవా?"

"దిద్దుత. నూటికి తొంభై."

"మిగిలిన పది?"

"గవి రొట్టెలు చేసేదానికి."

"గంత పెద్ద బండలకు తొంభై, నాకు పదేనా? పో సారూ, నీకు లెక్కలు రావు."

వాన చప్పుడుల ఇద్దరు నవ్విండ్రు. తర్వాత మొగులమ్మ నవ్వు ఆపింది. బయట కమాను కింద ఆరిపోయిన పొయ్యి దిక్కు చూసింది.

"సారూ, నీ పెండ్లని నేను అబద్ధమాడింది నిన్ను ఆగం చేసెటందుకు గాదు. గీ కమాను ఒక్క దినమన్న ఎక్కువ నిలబడ్తదని. మా అమ్మ ఎండకు ఆగదు. నీకు గోడలు మల్ల దొరుకుతయ్. మాకు నీడ దొరకదు."

పిల్లగాడు గుడ గా పొయ్యి దిక్కే చూసిండు. "రేపే బేస్తారం," అన్నడు.

"ఎరుకే."

"సాబుకు అందం చెప్తె ఇనడు."

"నీ నౌకరి పోగొట్టుకోకు. మా గురించి ఫికర్ చేయకు," అన్నది. అని ముఖం తిప్పుకున్నది. వాన చుక్క ఏడ పడ్డా నేను చెప్పగల్గుత. గా ముఖం మీద పడ్డది వాన చుక్క గాదు.

తెల్లారింది. బేస్తారం.

పొద్దుగాల బండికి పెద్ద సాబు దిగిండు. కోస్తా దిక్కు మనిషి, మాట్లాడితె పుస్తకం సదివినట్టుంటది. నెత్తిన టోపీ, టోపీ కింద చెమట. గాయిన టాంగల కాలు పెట్టిండో లేదో, ఒకామె తోసుకోని వచ్చి పక్కకు కూసున్నది. ఒక చేతుల చింత బరిగె, ఇంకో చేతుల చిన్న ఉన్ని కుల్లా. వికారాబాదు యాదమ్మ. పాండురంగం తల్లి.

ముచ్చట రైలెక్కింది అన్న గద? ధారూరుల గది పెండ్లి. తర్వాతి టేషన్ల పిల్ల నీళ్లు పోసుకున్నది. వికారాబాదు చేరేటాల్లకు యాదమ్మకు మనుమడు పుట్టి, దోగాడుతున్నడు. గందుకే కొడుక్కు బరిగె, మనుమనికి కుల్లా.

"తల్లికి చెప్పకుండ పెండ్లి చేసుకుంటడా!" అని దారి పొడుగునా తిట్టుకుంట వచ్చింది. సాబు బరిగె తగలకుండ ఓ మూలకు ముడుసుకున్నడు.

దేవిడి ముంగట ఊరంతా జమైంది. నర్సింహులు గడ్డపార పట్టుకోని, పట్టుకోనట్టు నిలబడ్డడు.

"ఏమిటయ్యా ఇది? కూలగొట్టమంటే అలంకారం చేశారేమిటి? ఎవరి పెళ్లి?" అన్నడు సాబు.

అందరం పాండురంగం దిక్కు చూసినం.

"పెళ్లి ఉందా, లేదా? లేకపోతే మొదలుపెట్టండి. నాకు మళ్లీ బండి ఉంది."

నర్సింహులు గడ్డపార ఎత్తిండు. ఎంకమ్మ పొయ్యి మీద కెళ్లి పెంక దించింది. మొగులమ్మ జనంల కెళ్లి ముంగటికొచ్చి, "సాబూ, అబద్ధం నాదే, సారు తప్పు…" అనబోయింది.

"ఉంది సార్," అన్నడు పాండురంగం. "పెండ్లి ఉంది. నాదే."

బరిగె లేచింది. "ఓరి నీ! పిల్లేదిరా?"

"ఇంకా అడగలే అమ్మా."

సాబు టోపీ తీసిండు. "పెళ్లికూతురిని అడక్కుండానే ఇంటికి సున్నం కొట్టించావా!"

"గిప్పుడడుగుత సార్." మొగులమ్మ దిక్కు తిరిగిండు. చేతుల టేపు జేబుల పెట్టుకున్నడు. ఊరు ఊరంతా చూస్తుంది, పావురాలు గుడ వంగి చూస్తున్నయ్. "మొగులమ్మా, నన్ను చేసుకుంటవా?"

మొగులమ్మ నవ్వలే. "సారూ, నా అబద్ధాన్ని నిలబెట్టెటందుకు నన్ను అడుగుతున్నవా? గట్లైతె వద్దు. కమాను పోతె పోనీ. జాలికి మెడల పుస్తె కట్టించుకోను."

"జాలి గాదు. నువ్వు గా అబద్ధం ఆడిన కాంచి, గది నిజమైతె మంచిగుండు అనుకుంటున్న. అడిగెటందుకు ధైర్యం సాలలే. గంతే."

"నీ నౌకరి పోతది."

"పోతె రొట్టెలు చేస్త."

"నువ్వు చేస్తె ఎవ్వలు తింటరు?"

"నువ్వు తినవా?"

గామె కొంగు సదురుకున్నది. కనుబొమ్మ గాటు మెల్లగ నవ్వింది. "మొదటిది మాడుస్తవ్. గదైనా తింట."

ఊరంతా కేక పెట్టింది. యాదమ్మ మటుకు కదల్లే. జనాన్ని జరిపి వచ్చి, మొగులమ్మ గదువ పట్టుకోని ముఖం ఎత్తింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. చేతులు తిరగేసి పెంక కాలిన మచ్చలు చూసింది.

"అయితె మనుమడు లేడా?"

"లేడు అత్తా."

యాదమ్మ బరిగె కింద పడ్డది. "ఇన్నరా? అత్తా అన్నది! ఇగ నేనేం చేద్దు? ఒక్క మాటతోని కాళ్లకు బంధమేసింది." కుల్లాను ఎంకమ్మ చేతుల పెట్టింది. "దాసిపెట్టు వదినా. పనికొస్తది."

ఇగ సాబు మిగిలిండు. గాయినకు గుడ ఇంట్ల పెండ్లికి ఎదిగిన బిడ్డున్నదట. పెండ్లి ఇంటికి గడ్డపార తాకిస్తే ఏమైతదో ఎందుకొచ్చిన గొడవ అనుకున్నడు. "సరే. పెళ్లి చేసుకోండి. పదహారు రోజుల పండుగ అయ్యాక కూలగొట్టండి," అని రెండు రొట్టెలు తిని, మూడోది కట్టించుకోని బండెక్కిండు.

పాండురంగం ఖుషీ గాలే. "గప్పుడైతె కూలుతది గద," అన్నడు.

మొగులమ్మ అతని చెవుల మెల్లగ ఒక మాట చెప్పింది. పిల్లగాడు పకపక నవ్విండు. నాకు తర్వాత తెలిసింది. "పదారొద్దులు అయ్యేలోపట ఇంకో పెండ్లి పెడ్తే?" అన్నదట.

పెట్టిండ్రు! వీళ్ల పండుగ తీరకముందే నర్సింహులు బిడ్డ పెండ్లి ఆడనే అయ్యింది. కూలగొట్టాల్సినోడే పందిరేసిండు. గాదాని పండుగ తీరకముందే ఇంకొకలది. ఎందుకు చెయ్యరు? చల్లని సావిడి, కింద బండలు, పక్కకే టేషన్, ముంగట ఎంకమ్మ రొట్టెలు. ఆషాఢంల మూర్తాలు లేకుంటె ఇమాంబీ మనుమరాలి నికా చేసినం. నికా గుడ లేని దినాలల్ల మొగులమ్మ రెండు పావురాలకు పెండ్లి చేసింది, వాటికి గుడ పదారొద్దులు లెక్కవెట్టింది. సాబు ఎప్పుడు మనిషిని పంపినా, జాజు తడిగనే ఉండె.

ఆఖరికి ఏమైందో ఎరుకనా? సాబు బిడ్డకు సంబంధం కుదిరింది. తాండూరుల పెండ్లంటే కబూతర్ దేవిడిలనే చెయ్యాలె అని పిల్లగానోళ్లు పట్టువట్టిండ్రు. దేవిడి ఖాళీ లేదు. సాబు స్వయంగ వచ్చి, టోపీ చేతుల పట్టుకోని, మొగులమ్మను అడిగిండు, "అమ్మా, ఒక్క రోజు సర్దుబాటు చేయరాదూ?"

"చేస్త సాబూ. గాని బిడ్డ పెండ్లైన ఇంటిని ఎవ్వలన్న కూలగొడ్తరా?"

సాబు కమాన్ల దిక్కు చూసిండు. ఒకటే మాటన్నడు. "గోదాము ఇంకెక్కడైనా కడతాం లేమ్మా."

గది అయిపాయె. ఎంకమ్మ పొయ్యి ఆరలే.

గాని మీకు గా మొదటి పెండ్లి నాటి ముచ్చట ఒకటి చెప్పకుంటె నాకు నిద్ర పట్టదు. పుస్తె కట్టుడైంది, తలంబ్రాలైనయ్, ఇగ అప్పగింతలు. పిల్ల పోయేది ఏడికి? ముంగటి కమాను కాడికెళ్లి ఎన్క ఇమాంబీ పక్క అర్రకు. పాండురంగం ఆడనే కాపురం పెట్టిండు. ఎవ్వలు ఎటు చూసి ఏడ్వాల్నో తెల్వక, పిల్ల దిక్కోళ్లు పిల్లగాని దిక్కు, పిల్లగాని దిక్కోళ్లు పిల్ల దిక్కు నిలబడి ఏడుస్తుండిరి. గప్పుడు పందిరి దిక్కు కెళ్లి పెద్ద లొల్లి. ఉరికి పోయి చూస్తిమి. ఒక ముసలాయన పందిరి గుంజకు ఎన్క తిరిగి, కాళ్లు చాపుకోని, మూతి ముడుసుకోని కూసున్నడు. ఎవ్వలికి సుట్టం గాదు. సేడం పొయ్యే బండిల కెళ్లి నీళ్లకు దిగి, పప్పు వాసనకు ఆగినోడు. ఏందయ్యా నీ బాధ అంటె, వేలు చూపెట్టి అన్నడు:

"నేను పిల్ల తరపో పిల్లగాని తరపో నాకైతె తెల్వదు. గాని నేను మటుకు అలిగిన. రెండు తరపులోళ్లు వచ్చి బతిలాడుండ్రి!"